ఇండియాలో పన్ను లేదు సరే, మరి అమెరికాలో? ఊరి సొమ్ముకు ఇక్కడ లెక్క చూపడం ఎలా

"అది ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ అండీ, దానికి పన్ను లేదు." పన్నుల సీజన్‌లో నేను ఎక్కువసార్లు వినే మాట ఇది. తర్వాతి స్థానం "పొలం మీద వచ్చేదానికి పన్నేమిటండీ" అన్న మాటది. ఇండియా చట్టం ప్రకారం రెండూ నిజమే. చిక్కల్లా మనం రిటర్న్ వేస్తున్నది అమెరికాలో. ఇక్కడి చట్టం అక్కడి మినహాయింపులను పట్టించుకోదు.

న్యూజెర్సీలో మనవాళ్ళ రిటర్న్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. నేను చూసినంతలో మన కుటుంబాలకు పెద్ద నష్టం పన్ను వల్ల రావడం తక్కువ. పన్ను ఒక్క డాలరు కూడా లేని ఫారాలు వేయకపోవడం వల్లే వస్తుంది. పన్ను పడకపోతే చెప్పనక్కర్లేదనుకోవడం మనకు అలవాటు. అమెరికాలో పన్ను కట్టడం ఒక పని, సమాచారం ఇవ్వడం వేరే పని. రెండోదానికి జరిమానాలు ఎక్కువ. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా కాగితాల పనే.

ఇది ఎవరికి వర్తిస్తుంది

అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, పన్ను చట్టం దృష్టిలో ఇక్కడి నివాసులైన వీసాదారులు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయాన్నైనా ఇక్కడ చూపాలి. వీసా మీద ఉన్నవారు నివాసులా కాదా అన్నది రోజుల లెక్క తేలుస్తుంది. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఇక్కడ ఉండాలి. ఈ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, ముందటేడు రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 కావాలి. హెచ్‌1బీ మీద రెండో ఏడాదిలో ఉన్నవారు దాదాపు అందరూ ఈ లెక్కలోకి వస్తారు.

ఎఫ్‌1 విద్యార్థులకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ రోజుల లెక్క ఉండదు. వాళ్ళు నాన్‌రెసిడెంట్‌గా 1040-ఎన్‌ఆర్ వేస్తారు. ఇండియాలోని వడ్డీ చూపనక్కర్లేదు, కింద చెప్పే ఎఫ్‌బార్ కూడా అక్కర్లేదు.

కొత్తగా పెళ్ళై వచ్చినవారు ఒక సంగతి గమనించాలి. భార్యో భర్తో సంవత్సరం మధ్యలో వచ్చినప్పుడు, జాయింట్ రిటర్న్ వేస్తే పన్ను తగ్గుతుందని ఏడాది మొత్తానికీ ఇద్దరినీ నివాసులుగా చూపించుకోవచ్చు. ఆ సౌకర్యం మంచిదే. కానీ అలా ఎంచుకున్నాక, ఆమె జనవరి నుంచి జూన్ దాకా హైదరాబాద్‌లో చేసిన ఉద్యోగం జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లోకి వస్తుంది. ఇండియాలో కోసిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది కాబట్టి చాలామందికి లాభమే మిగులుతుంది. అయినా జీతాన్ని మాత్రం చూపి తీరాలి.

ఎఫ్‌బార్: పది వేల డాలర్ల గీత

ఎఫ్‌బార్ అంటే ఫిన్‌సెన్ ఫారం 114. ఇది ఐఆర్‌ఎస్‌కు పంపే రిటర్న్‌లో భాగం కాదు. ట్రెజరీ శాఖకు చెందిన ఫిన్‌సెన్ వెబ్‌సైట్‌లో విడిగా, ఉచితంగా వేయాలి. గడువు ఏప్రిల్ 15. ఆ రోజుకు వేయలేకపోతే, అడగకుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంది.

విదేశాల్లోని మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. ఒక్కో ఖాతాకు పది వేలు కాదు, అన్నింటికీ కలిపి. డాలరు 85 రూపాయలనుకుంటే ఇది 8.5 లక్షలు. ఎన్‌ఆర్‌ఈలో 4 లక్షలు, ఎన్‌ఆర్‌ఓలో 2 లక్షలు, డీమ్యాట్‌లో 2 లక్షలు, నాన్నగారితో కలిసి ఉన్న ఖాతాలో 3 లక్షలు ఉంటే గీత దాటినట్టే. దాటాక ఖాతాలన్నీ రాయాలి. వెయ్యి రూపాయలున్న పాత కాలేజీ ఖాతానూ వదలకూడదు.

రాయవలసినవి: సేవింగ్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, డీమ్యాట్, మ్యూచువల్ ఫండ్లు, పీపీఎఫ్, సరెండర్ విలువ ఉన్న ఎల్‌ఐసీ పాలసీలు. రాయనక్కర్లేనివి: మీ పేరున ఉన్న ఇల్లు, పొలం, లాకర్లో ఉన్న బంగారం. ప్రతి ఖాతాకూ ఆ ఏడాదిలోని గరిష్ఠ బ్యాలెన్స్ రాయాలి. రూపాయల్ని డాలర్లలోకి మార్చడానికి ట్రెజరీ శాఖ ప్రకటించే డిసెంబర్ 31 నాటి రేటు వాడాలి.

ఇక అమ్మానాన్నల ఖాతాలు. "మాకేమైనా అయితే ఇబ్బంది లేకుండా" అని పెద్దవాళ్ళు కొడుకు పేరో కూతురి పేరో తమ ఖాతాలో చేరుస్తారు. డబ్బు పూర్తిగా వాళ్ళదే. పింఛను జమయ్యేది అందులోనే, మందులు కొనేది అందులోంచే. అయినా మీరు జాయింట్ హోల్డర్ కాబట్టి ఆ ఖాతాలోని మొత్తం సొమ్మును మీ ఎఫ్‌బార్‌లో రాయాలి. సగం రాస్తే సరిపోదు. పవర్ ఆఫ్ అటార్నీతో మీరు వాళ్ళ ఖాతా నడుపుతున్నా అంతే. వడ్డీ సంగతి వేరు. డబ్బు వాళ్ళదైతే ఆ వడ్డీ వాళ్ళ ఆదాయమే, దానికి మీరు ఇక్కడ పన్ను కట్టనక్కర్లేదు. అయితే డబ్బు వాళ్ళదని చూపించగలగాలి. పింఛను జమలు, వాళ్ళ ఇండియా రిటర్న్‌లో ఆ వడ్డీ చూపిన కాగితం దగ్గర ఉంచుకోండి. కేవలం వారసత్వం కోసమే అయితే జాయింట్ హోల్డర్‌గా కాక నామినీగా ఉంటే చాలు. నామినీకి ఎఫ్‌బార్ బాధ్యత లేదు.

భార్యాభర్తల ఖాతాలన్నీ ఉమ్మడివే అయితే ఫారం 114ఏ మీద సంతకం చేసి ఒకరే వేయవచ్చు. ఫారం వేయని వారికి విడిగా ఒక్క ఖాతా ఉన్నా ఇద్దరూ వేర్వేరుగా వేయాలి. పిల్లల పేరున డిపాజిట్లుంటే, గీత దాటినప్పుడు వాళ్ళ తరఫున మీరు వేయాలి.

తెలియక వేయకపోతే జరిమానా చట్టంలో 10,000 డాలర్లు. ద్రవ్యోల్బణంతో ఏటా పెరుగుతూ ఇప్పుడు 16,000 దాటింది. ఇది ఖాతాకు ఒకటా, ఏడాదికి ఒకటా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఫిబ్రవరిలో బిట్‌నర్ కేసులో ఏడాదికి ఒకటేనని కోర్టు 5-4తో తేల్చింది. ఆయనకు ప్రభుత్వం వేసిన 27 లక్షల డాలర్ల జరిమానా దాంతో 50,000కు దిగింది. తెలిసీ దాచినవారికి ఈ ఊరట లేదు. వారి విషయంలో జరిమానా ఖాతాలోని సొమ్ములో సగం దాకా పోవచ్చు.

షెడ్యూల్ బీలో ఒక చిన్న ప్రశ్న

1040తో పాటు వేసే షెడ్యూల్ బీ చివరి భాగంలో "మీకు విదేశాల్లో ఖాతా ఉందా" అన్న ప్రశ్న ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ముందే "లేదు" అని పెట్టేస్తే అలాగే వదిలేసేవారు చాలామంది. ఆ రిటర్న్ కింద ఉన్నది మీ సంతకం. రేపు ప్రశ్న వస్తే, తెలియక వదిలారా, తెలిసీ లేదన్నారా అన్నదానికి మొదట చూసేది ఆ గడినే. ఎవరితో రిటర్న్ వేయించుకున్నా ఆ పేజీ ఒకసారి మీరే తెరిచి చూడండి.

ఫారం 8938

దీన్ని ఐఆర్‌ఎస్‌కు 1040తో కలిపి పంపాలి. ఇక్కడ ఉండే దంపతులు జాయింట్‌గా వేస్తే, విదేశీ ఆర్థిక ఆస్తులు ఏడాది చివరి రోజున 1,00,000 డాలర్లు గానీ, మధ్యలో ఏ రోజైనా 1,50,000 గానీ దాటినప్పుడు ఇది వేయాలి. విడిగా వేసేవారికి, పెళ్ళికానివారికి ఆ గీతలు 50,000, 75,000. వేయకపోతే జరిమానా 10,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఎఫ్‌బార్ వేశాం కదా అని దీన్ని వదలకూడదు, దీన్ని వేశాం కదా అని ఎఫ్‌బార్‌నూ వదలకూడదు.

"వాళ్ళకెలా తెలుస్తుంది" అని ఇంకా అడిగేవారున్నారు. 2010లో వచ్చిన ఫాట్కా చట్టం కింద ఇండియా, అమెరికా 2015 జులై 9న ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా నివాసుల ఖాతాల వివరాలు ఇండియా బ్యాంకుల నుంచి అక్కడి ప్రభుత్వం ద్వారా ఐఆర్‌ఎస్‌కు వస్తాయి. బ్యాంకు మీచేత ఫాట్కా డిక్లరేషన్ నింపించి, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకునేది అందుకే.

వడ్డీ లెక్క

ఇండియా వదిలి వచ్చాక పాత సేవింగ్స్ ఖాతాను అలాగే నడపడం ఫెమా నిబంధనలకు విరుద్ధం. బ్యాంకుకు చెప్పి దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఇక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ, అక్కడ వచ్చే అద్దెలకు, కౌలుకు ఎన్‌ఆర్‌ఓ.

ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. అక్కడ పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ క్రెడిట్ కూడా దొరకదు. ఏడు శాతం వస్తుందని ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వేసేటప్పుడు, ఇక్కడి పన్ను పోను ఎంత మిగులుతుందో, ఈలోగా రూపాయి ఎంత తగ్గవచ్చో కూడా లెక్కలో పెట్టుకోవాలి. పీపీఎఫ్ వడ్డీదీ అదే కథ.

ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం కోస్తుంది. 1989లో రెండు దేశాలు చేసుకున్న పన్ను ఒప్పందం ప్రకారం ఈ వడ్డీ మీద ఇండియా తీసుకోగలిగింది 15 శాతమే. ఆ రేటు కావాలంటే మీరు అమెరికా నివాసి అని ఐఆర్‌ఎస్ ఇచ్చే ధ్రువపత్రం, అంటే ఫారం 6166, బ్యాంకుకు ఇవ్వాలి. దానికి ఫారం 8802తో దరఖాస్తు చేయాలి, రుసుము 85 డాలర్లు. దాంతోపాటు ఇండియా ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఒక డిక్లరేషన్ కూడా నింపాలి.

ఇక్కడ చాలామంది నష్టపోతారు. 31.2 శాతం కోశారు కదా, అదంతా ఫారం 1116లో క్రెడిట్‌గా తీసుకుందామనుకుంటారు. ఒప్పందం ప్రకారం ఇండియాకు చెందాల్సిన దానికే అమెరికా క్రెడిట్ ఇస్తుంది. ఎక్కువ కోసిన మిగతా సొమ్ము ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవలసిందే. ఇండియాలో వేరే ఆదాయం పెద్దగా లేనివారికి అక్కడ రిటర్న్ వేస్తే కోసినదాంట్లో చాలా భాగం తిరిగి వస్తుంది.

ఇంకో తిరకాసు సంవత్సరానిది. ఇండియా లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, మనది జనవరి నుంచి డిసెంబర్. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, ఫారం 26ఏఎస్ రెండూ అక్కడి సంవత్సరానికే ఉంటాయి. కాబట్టి జనవరి మొదటి వారంలోనే బ్యాంకు సైట్‌లో జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా స్టేట్‌మెంట్ దించుకోండి. వడ్డీని ఆ ఏడాది సగటు మారకపు రేటుతో డాలర్లలోకి మార్చాలి. ఎఫ్‌బార్‌కు ఏడాది చివరి రేటు, ఆదాయానికి సగటు రేటు. రెండూ కలిపేయకండి.

మ్యూచువల్ ఫండ్లు

ఇండియా మ్యూచువల్ ఫండ్లను అమెరికా చట్టం పీఫిక్ అనే వర్గంలో పెట్టింది. ప్రతి ఫండ్‌కూ విడిగా ఫారం 8621 వేయాలి. ముందుగా ఏ ఎంపికా చేసుకోకపోతే, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని మీరు ఫండ్ పట్టుకున్న సంవత్సరాలన్నింటికీ పంచుతారు. వెనకటి సంవత్సరాల వాటా మీద అప్పటి అత్యధిక శ్లాబు, ఇప్పుడైతే 37 శాతం, వేసి, పైన వడ్డీ కలుపుతారు. మామూలుగా దీర్ఘకాలిక లాభానికి ఉండే 15 శాతం రేటు ఇక్కడ లేదు. మీ ఫండ్లన్నీ కలిపి ఏడాది చివర 25,000 డాలర్ల లోపు, జాయింట్‌గా అయితే 50,000 లోపు ఉండి, ఆ ఏడాది అమ్మకం గానీ పంపిణీ గానీ లేకపోతే మామూలుగా ఆ ఫారం అక్కర్లేదు.

అందుకే కొత్తగా వచ్చినవారికి నేనిచ్చే సలహా ఒకటే. ఎస్‌ఐపీలు నడుస్తుంటే ఆపండి. ఉన్నవాటిని ఏం చేయాలో, ఇక్కడి పన్ను నివాసి కాకముందే, అంటే వీలైతే వచ్చిన మొదటి నెలల్లోనే తేల్చుకోండి. నేరుగా కొన్న మామూలు వ్యాపార కంపెనీల షేర్లకు సాధారణంగా ఈ బెడద ఉండదు. పొదుపు కోసం ఇక్కడి 401(కే), ఐఆర్‌ఏ ఉండగా, ఇండియా ఫండ్ల కోసం ఇంత కాగితం పని పెట్టుకోవడం చాలామందికి గిట్టుబాటు కాదు.

ఇల్లు, పొలం

ఇల్లు ఖాళీగా ఉన్నంతకాలం చూపవలసిన ఆదాయం లేదు. అద్దెకిస్తే రెండు దేశాల్లోనూ చూపాలి. ఎన్‌ఆర్‌ఐ యజమానికి అద్దె కట్టేవారు అందులోంచి పన్ను కోసి జమచేయాలన్నది ఇండియా నిబంధన. ఇక్కడ షెడ్యూల్ ఈలో అద్దె, మరమ్మతులు, ఆస్తి పన్ను చూపి, తరుగుదల కూడా తీసుకోవచ్చు. 2018 నుంచి అద్దెకిచ్చిన విదేశీ ఇంటికి తరుగుదల 30 ఏళ్ళకు, అంతకుముందు నుంచి ఉన్నవాటికి 40 ఏళ్ళకు లెక్కిస్తారు.

అమ్మినప్పుడు రెండు దేశాల లెక్కలు పొంతన లేకుండా వస్తాయి. ఇండియా రూపాయల్లో లెక్క కడుతుంది. అమెరికా కొన్ననాటి ధరను ఆనాటి రేటుతో, అమ్మిన ధరను అమ్మిననాటి రేటుతో డాలర్లలోకి మారుస్తుంది. ఉదాహరణకు 2008 మొదట్లో డాలరు 40 రూపాయలున్నప్పుడు 40 లక్షలకు ఫ్లాట్ కొన్నారనుకుందాం. అది లక్ష డాలర్లు. డాలరు 84 ఉన్నప్పుడు 84 లక్షలకు అమ్మారు. అదీ లక్ష డాలర్లే. అమెరికా లెక్కలో లాభం సున్నా. ఇండియా లెక్కలో లాభం 44 లక్షలు, 2024 జులై 23 తర్వాతి నిబంధనల ప్రకారం 12.5 శాతం పన్ను, సెస్సుతో కలిపి 5.72 లక్షలు. ఆ పన్నుకు ఇక్కడ వెంటనే వాడుకోగల క్రెడిట్ లేదు, ఎందుకంటే ఇక్కడ పన్నే లేదు. ఒక ఏడాది వెనక్కి, పదేళ్ళు ముందుకు మోసుకెళ్ళే వీలు మాత్రం ఉంది. కాబట్టి ఫారం 1116 ఆ ఏడాదే వేసి పెట్టుకోవాలి.

కొనేవారు మీ లాభం మీద కాక మొత్తం ధర మీద పన్ను కోయాలి. పై ఉదాహరణలో అది పది లక్షలు దాటుతుంది. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే అంత సొమ్ము ఇరుక్కోదు. దానికి వారాలు పడుతుంది కనుక అగ్రిమెంట్ రాసుకోగానే దరఖాస్తు చేయండి. అమ్మిన డబ్బును ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా ఇక్కడికి తెచ్చుకోవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి.

పొలం విషయంలో అంతా తలకిందులు. ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు, అమ్మితే ఇండియాలో ఉండేవారికే అమ్మాలి. కౌలు మీద ఇండియాలో పన్ను లేదు. పట్టణానికి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉన్న పొలం అమ్మినా అక్కడ పన్ను లేదు. అమెరికాలో రెండింటికీ పన్ను ఉంది, క్రెడిట్ సున్నా.

నాన్నగారు పోయేనాటికి 30 లక్షల విలువున్న పొలం, అప్పుడు డాలరు 64. అంటే సుమారు 46,900 డాలర్లు. ఇప్పుడు కోటిన్నరకు, డాలరు 84 ఉండగా అమ్మితే సుమారు 1,78,600 డాలర్లు. లాభం దాదాపు 1,31,700. దాని మీద 15 శాతం అంటే 19,750 డాలర్లు. దంపతుల ఆదాయం 2,50,000 దాటితే ఇంకో 3.8 శాతం, మరో 5,000. రాష్ట్రం పన్ను అదనం. "పొలానికి పన్నేమిటి" అన్న మాట ఖరీదు ఇది.

ఈ లెక్కలో ప్రాణం 30 లక్షల అంకెలో ఉంది. వారసత్వంగా వచ్చిన ఆస్తికి, తండ్రి పోయిన రోజున ఉన్న మార్కెట్ విలువనే అమెరికా మీ కొనుగోలు ధరగా తీసుకుంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ పెట్టే విలువ అసలు ధర కంటే తక్కువగా ఉండటం మనకు తెలిసిందే. అందుకని ఆ ఏడాదే రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో రిపోర్టు రాయించి దాచుకోండి. పదేళ్ళ తర్వాత పాత ధర నిరూపించడం కష్టం.

ఇల్లు, స్థలాల విషయంలో ఇంకో నిర్ణయం ఉంది. తండ్రి బతికుండగా గిఫ్ట్ డీడ్ రాసిస్తే, ఆయన ఎప్పుడో కొన్న ధరే మీ ధర అవుతుంది. వీలునామా ద్వారా వస్తే ఆయన పోయిననాటి విలువ మీ ధర అవుతుంది. 1985లో 20 వేలకు కొన్న స్థలం ఇప్పుడు రెండు కోట్లయితే, ఈ ఒక్క తేడా పదుల వేల డాలర్లు. కుటుంబంలో గిఫ్ట్ డీడ్ రాయడానికి వేరే కారణాలు ఉండవచ్చు, తోబుట్టువుల మధ్య మాటా ఉండవచ్చు. ఏది చేసినా ఈ లెక్క తెలిసి చేయండి.

ఇచ్చిపుచ్చుకోవడాలు

ఇల్లు కొనడానికి నాన్నగారు కోటి రూపాయలు పంపారు. ఇక్కడ మీకు పన్ను లేదు. కానీ విదేశీ వ్యక్తుల నుంచి ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి బహుమతి గానీ వారసత్వం గానీ వస్తే ఫారం 3520 వేయాలి. అమ్మా నాన్నా విడివిడిగా పంపినా కలిపే లెక్క. వేయకపోతే నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. పన్ను లేని డబ్బులో పాతిక వంతులు కాగితం కోసం పోగొట్టుకోవడం అంటే ఇదే.

మీరు పంపే డబ్బుకు 2025లో ఒక్కో మనిషికి 19,000 డాలర్ల దాకా ఏ ఫారమూ లేదు. దంపతులిద్దరూ అమ్మకూ నాన్నకూ కలిపి 76,000 దాకా పంపవచ్చు. అది దాటితే ఫారం 709 వేయాలి, ఇక్కడ స్థిరపడ్డవారికి జీవితకాల మినహాయింపు పెద్దది కాబట్టి చాలామందికి పన్ను పడదు. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి విదేశాలకు పంపితే 1 శాతం పన్ను వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి గానీ, ఇక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే అది లేదు.

ఊళ్ళో తమ్ముడి వ్యాపారంలో వాటా ఉందా? అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి మీ వాటా 10 శాతానికి చేరితే ఫారం 5471, భాగస్వామ్య సంస్థ అయితే ఫారం 8865 వేయవలసి రావచ్చు. వీటికీ జరిమానా 10,000 డాలర్లే. లాభం రాలేదు, డబ్బు తీసుకోలేదు అన్నది ఇక్కడ సమాధానం కాదు. తమ్ముడికి ఇచ్చినది అప్పా, బహుమతా, పెట్టుబడా అన్నది ఇచ్చిన రోజునే ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత పన్నువాళ్ళకు చెప్పుకోవడానికే కాదు, అన్నదమ్ముల మధ్య కూడా పనికొస్తుంది.

ఇన్నాళ్ళూ చూపించకపోతే

భయపడి మౌనంగా ఉండటం, లేదా ఈ ఏడాది నుంచి చూపి వెనకటివి మరిచిపోవడం, రెండూ మంచివి కావు. ఐఆర్‌ఎస్ నోటీసు రాకముందే సరిచేసుకునే దారులున్నాయి.

ఆదాయమంతా చూపారు, ఎఫ్‌బార్ ఒక్కటే వేయలేదనుకోండి. పాత ఎఫ్‌బార్లు ఆలస్యానికి కారణం రాసి ఆన్‌లైన్‌లో వేయవచ్చు. ఐఆర్‌ఎస్ అప్పటికే సంప్రదించి ఉండకపోతే మామూలుగా జరిమానా వేయరు.

వడ్డీ, అద్దె కూడా చూపకపోతే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. అమెరికాలో ఉన్నవారు మూడేళ్ళ సవరణ రిటర్న్‌లు, ఆరేళ్ళ ఎఫ్‌బార్లు వేసి, తెలియక జరిగిందని ఫారం 14654లో వివరంగా రాసి సంతకం చేయాలి. పన్ను, వడ్డీ, వాటితోపాటు ఆ ఆస్తుల ఏడాది చివరి విలువల్లో అత్యధికమైనదాని మీద 5 శాతం జరిమానా కట్టాలి. విదేశాల్లో ఉంటున్న అర్హులకు ఆ 5 శాతం కూడా లేదు. తెలిసీ దాచినవారికి ఈ దారి కాదు, వాళ్ళు ముందు న్యాయవాది దగ్గరికి వెళ్ళాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

ఒక ఫోల్డరు పెట్టి ఏటా జనవరిలో ఇవి అందులో వేయండి:

- ప్రతి ఖాతా నంబరు, బ్యాంకు చిరునామా, ఏడాదిలో గరిష్ఠ బ్యాలెన్స్, ఖాతాలో ఎవరెవరి పేర్లున్నాయో
- జనవరి నుంచి డిసెంబర్ దాకా వడ్డీ, డివిడెండ్ స్టేట్‌మెంట్లు
- ఫారం 26ఏఎస్, ఇండియా రిటర్న్ రసీదు
- అద్దె, కౌలు జమలు, ఖర్చుల రసీదులు
- ఆస్తి దస్తావేజులు, కొన్ననాటి మారకపు రేటు, వాల్యూయర్ రిపోర్టు
- ఎల్‌ఐసీ పాలసీల సరెండర్ విలువ
- పెద్ద మొత్తాలు వచ్చినప్పుడు, పంపినప్పుడు, ఎవరు ఎవరికి ఎందుకిచ్చారో రాసిన ఉత్తరం
- వేసిన ఎఫ్‌బార్ల ధ్రువీకరణలు, కనీసం ఐదేళ్ళవి

సీపీఏ దగ్గరికి వెళ్ళినప్పుడు ముందే రెండు ప్రశ్నలడగండి: ఫారం 8621 ఎప్పుడైనా వేశారా, ఇండియా ఆస్తి అమ్మకానికి ఫారం 1116 చేశారా. లేదంటే ఇంకొకరిని వెతుక్కోండి. ప్రతి కుటుంబం పరిస్థితీ వేరు కాబట్టి ఆస్తి అమ్మేముందు, వెనకటి ఏళ్ళు సరిచేసుకునేముందు రెండు దేశాల్లోనూ మనిషిని సంప్రదించడం తప్పనిసరి. ఇక్కడి సీపీఏకూ అక్కడి చార్టర్డ్ అకౌంటెంట్‌కూ ఒకరి అంకెలు ఒకరికి పంపండి. ఇద్దరూ విడివిడిగా సరిగ్గానే చేసి, కలిపి తప్పు లెక్క తేలే సందర్భాలు చాలా ఉంటాయి.

ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: "నాన్నా, నా పేరు ఏయే ఖాతాల్లో ఉంది?" ఆ జాబితా చేతికొస్తే సగం పని అయినట్టే.